శుక్రవారం మధ్యాహ్నం పని ముగిసిన అతిథులను హైదరాబాద్‌లో ఎక్కడికి తీసుకెళ్ళాలి?

గచ్చిబౌలి_కొత్తవాడు
సభ్యులందరికీ నమస్కారం. మాది మందుబిళ్ళలు తయారుచేసే ఒక మధ్యతరహా సంస్థ. మాకు ప్యాకింగ్ యంత్రాలు అమ్మే కంపెనీ తరఫున వచ్చే వారం స్టుట్‌గార్ట్ నుంచి ఇద్దరు, కోయంబత్తూరు నుంచి ఒకరు వస్తున్నారు. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు గచ్చిబౌలిలో సమావేశం ముగుస్తుంది. జర్మనీవారి విమానం అర్ధరాత్రి దాటాకే. ఈలోపు వారికి కాలక్షేపం ఏర్పాటు చేయమని నాకు పురమాయించారు. చార్మినార్ చూపించకపోతే హైదరాబాద్ చూపించినట్టే కాదని ఆఫీసులో కొందరు అంటున్నారు. ఈ ట్రాఫిక్‌లో పాతబస్తీ మాటే ఎత్తవద్దని, దుర్గం చెరువు తీగల వంతెన, శిల్పారామం తిప్పి, మంచి భోజనం పెట్టి పంపమని మరికొందరు అంటున్నారు. మీరేమంటారు?

మూసీ_ఒడ్డు
ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. స్టుట్‌గార్ట్ నుంచి వచ్చినవారికి అద్దాల భవనాలు కొత్త కాదు, తీగల వంతెనలూ కొత్త కాదు. 1591లో కట్టిన చార్మినార్ కింద నిలబడి, పక్కనే లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవారి చేతివేళ్ళను చూడటం మాత్రం వారి ఊళ్ళో దొరకదు. నిప్పుల మీద లక్కను మెత్తబరిచి, సన్నని కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, అది గట్టిపడేలోపే ఒక్కొక్క రాయినీ అందులో అదుముతారు. చేతి కొలత చెబితే గాజును అక్కడికక్కడే వేడిచేసి సరిచేసి ఇస్తారు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంతకన్నా మంచి కాలక్షేపం ఏ షాపింగ్ మాల్‌లో ఉందో చెప్పండి.

దూరమని భయపడేవారికి ఒక మాట. చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్ విమానాశ్రయం దాదాపు 20 కిలోమీటర్లే. సామాను కారులో పెట్టుకొని బయలుదేరితే మళ్ళీ గచ్చిబౌలి ముఖం చూడవలసిన పనిలేదు. ముందు సాలార్‌జంగ్ మ్యూజియం, తరువాత చౌమహల్లా ప్యాలెస్, సాయంత్రానికి చార్మినార్, చివరికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. ఇదే వరస.

రాయదుర్గం_వాసి
వరస ముచ్చటగానే ఉంది కానీ, పెద్దలు వారం చూసుకోలేదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, చౌమహల్లాకూ శుక్రవారమే సెలవు. ఇక మిగిలింది చార్మినార్. దాని పైకి ఎక్కాలంటే సాయంత్రం ఐదున్నర లోపు లోపలికి చేరాలి. రెండింటికి సమావేశం ముగిశాక భోజనాలు కానిచ్చి, వీడ్కోలు మాటలు ముగించి, మూడున్నరకు కారెక్కితే అక్కడికి చేరేసరికి టికెట్ కిటికీ మూసే వేళవుతుంది. అతిథులు చూసేది కారు అద్దంలోంచి కనిపించే అవతలి కారే. వచ్చినవారికి కావలసింది చల్లని గది, శుభ్రమైన మరుగుదొడ్డి, సమయానికి విమానం. హైటెక్ సిటీ పక్కనే ఇవన్నీ ఉన్నాయి.

కోట_గోడ
గోల్కొండ అనే ఊరు ఒకటుందని ఎవరికీ గుర్తు రాకపోవడం ఆశ్చర్యం. గచ్చిబౌలికి పాతబస్తీకన్నా ఎంతో దగ్గర, శుక్రవారం కూడా తెరిచే ఉంటుంది. ఫతే దర్వాజా గోపురం కింద గైడు చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిస్సార్ దగ్గర వినపడుతుంది. యంత్రాలు అమ్మేవారికి ఆ చప్పుడు ఎలా ప్రయాణిస్తుందో విప్పి చెబితే చాలు, గంటసేపు కదలరు. రామదాసును ఉంచిన బందీఖానా అక్కడే ఉంది. చీకటి పడ్డాక ధ్వని-కాంతి ప్రదర్శన ఉంటుంది. దగ్గరలోనే కుతుబ్‌షాహీ సమాధులున్నాయి. 2013లో ఆగాఖాన్ ట్రస్టు మొదలుపెట్టిన మరమ్మతుల తరువాత ఆ తోటల్లో నడవడమే ఒక విశ్రాంతి. ఒక్క జాగ్రత్త: సమావేశానికి వేసుకున్న తోలు బూట్లతో ఆ మెట్లు ఎక్కించకండి.

మూసీ_ఒడ్డు
శుక్రవారం సెలవన్న సంగతి నాకు చెప్పనక్కరలేదు. మా ఇల్లు పాతబస్తీలోని పురానీ హవేలీకి కూతవేటు దూరం. నేను అడిగేది ఒక్కటే, సమావేశాన్ని గురువారానికి ఎందుకు జరపకూడదు? ముసుగు కప్పుకున్న రెబెకా పాలరాతి శిల్పాన్ని చూడకుండా, గంట కొట్టే వేళకు మ్యూజియం ఆవరణలో ఆ పాత గడియారం ముందు జనమంతా మెడలు సాచి, లోపలి నుంచి చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట మోగించేదాకా ఊపిరి బిగబట్టి నిలబడటం చూడకుండా పంపడం అతిథులకు అన్యాయం చేయడమే.

గచ్చిబౌలి_కొత్తవాడు
సమావేశం తేదీ మారదండి. కోయంబత్తూరు ఆయనకు గురువారం రాత్రికి గానీ విమానం లేదు.

మూసీ_ఒడ్డు
ఒక్క రోజు జరపలేని సమావేశాలు లోకంలో చాలా తక్కువ.

బిర్యానీ_పక్షం
నాలుగు గంటలకు వేడివేడి బిర్యానీ తినిపించి, ఏడింటికి విమానాశ్రయంలో దింపితే అందరూ సంతోషంగా ఉంటారు.

సూట్‌కేసు_జీవి
నేను ఈ చర్చకు అవతలి గట్టున ఉండేవాడిని. మాది విజయవాడ. పంపులు, వాల్వులు అమ్ముకుంటూ ఊళ్ళు తిరగడమే నా ఉద్యోగం కాబట్టి, నన్ను 'తిప్పి చూపించే' పెద్దమనుషులను చాలామందినే భరించాను. ఆ మధ్య ఒక పెద్ద నగరంలో సాయంత్రం ఐదింటికి పని ముగియగానే ఒక కస్టమరు నన్ను కారులో ఎక్కించి ఊరి చివరి రిసార్టుకు తీసుకువెళ్ళాడు. నేను మద్యం ముట్టను. సోడా గ్లాసు పట్టుకొని రాత్రి పదకొండు దాకా ఆయన ప్రమోషన్ ఎందుకు ఆగిపోయిందో విన్నాను. మర్నాడు తెల్లవారుజామున విమానం. ఆ సాయంత్రం నాకు కావలసిందల్లా ఒక గంట నడక, మా అమ్మాయికి ఒక బొమ్మ, ఇంటికి ఒక ఫోన్. ఆ మూడూ లేకుండా తిరిగొచ్చాను.

అందుచేత నా సలహా: వారిని వదిలేయండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దిగమని ఒక కాగితం మీద రాసివ్వండి. అక్కడి నుంచి నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ దాకా నడిచినా సుమారు రెండు కిలోమీటర్లు, లేదంటే ఆటో. అంత దూరం వద్దనుకుంటే కేబీఆర్ పార్కు చుట్టూ నడుస్తారు. నాటకమో పాటో వినాలనుకుంటే బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది. మనిషికి తోచింది చేసే స్వేచ్ఛ కూడా కాలక్షేపమే.

రాయదుర్గం_వాసి
విదేశీయులను మెట్రో ఎక్కించి ఒంటరిగా పాతబస్తీకి పంపమంటున్నారా? ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులు? నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను: కోట్ల రూపాయల ఒప్పందం మీద మాట్లాడుకున్న పూటనే వారికి ఆ ఇరుకు సందులు, ఆ మురికి, ఆ హారన్ల మోత చూపించడం వలన మన గురించి ఏర్పడే అభిప్రాయం మంచిది కాదు. ఇరవై ఐదేళ్ళుగా ఈ నగరం ఒక కొత్త ముఖం సంపాదించుకుంది. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలై ఎక్కడికి చేరిందో చూపించుకోవడంలో తప్పేముంది?

మూసీ_ఒడ్డు
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. దూరమూ కాదు, శుక్రవారమూ కాదు, మీకు మమ్మల్ని చూపించుకోవడం సిగ్గు. మేము ఆ సందుల్లోనే పుట్టాం, అక్కడి నుంచే మీ అద్దాల భవనాలకు ఉద్యోగానికి వస్తున్నాం. మా ఇంటి చిరునామా చెప్పగానే ఇంటర్వ్యూ చేసేవారి ముఖం మారడం నేను కళ్ళారా చూశాను. ఫలక్‌నుమా ప్యాలెస్ కూడా పాతబస్తీలోనే ఉంది. 2010లో అది తాజ్ హోటల్ అయినప్పటి నుంచి మీలాంటివారే అక్కడ నూటొక్క మంది కూర్చునే భోజనాల బల్ల పక్కన ఫోటోలు దిగుతున్నారు. గేటు లోపల ఉంటే వారసత్వం, గేటు బయట ఉంటే మురికి, అంతేనా?

రాయదుర్గం_వాసి
నేను సందులను అన్నాను, మనుషులను అనలేదు. ప్రతి మాటనూ మీ మీదికి లాగుకుంటే చర్చ సాగదు.

నిర్వాహకులు
ఇద్దరు సభ్యులూ వ్యక్తిగత వ్యాఖ్యలు మానుకోవలసిందిగా మనవి. ప్రశ్న అతిథుల గురించి.

ఓచర్ల_ఫైలు
ప్రశ్న అతిథుల గురించేనా? ఇంత పొడుగు చర్చలో ఆ ముగ్గురి వెంట ఎవరు వెళ్తారని ఒక్కరైనా అడిగారా? నేను చెబుతాను. ఆఫీసులో ఇంగ్లీషు బాగా మాట్లాడే జూనియర్ వెళ్తుంది. మా పాత కంపెనీలో ఆ జూనియర్‌ని నేను. అతిథులు ఎప్పుడు వచ్చినా నా శుక్రవారం సాయంత్రమో, శనివారమో పోయేది. గోల్కొండ గైడు చెప్పే చప్పట్ల కథ గైడు కన్నా ముందే నేను చెప్పగలను. రాత్రి వారిని విమానాశ్రయంలో దింపాక నేను నిజాంపేటలోని ఇంటికి ఎలా చేరతానో ఏ మేనేజరూ అడగలేదు.

ఖర్చుల సంగతి వేరే. టికెట్లు, ఆటో, చాయ్ అన్నీ నా జేబులోంచే. సోమవారం ఓచరు పెడితే ఆటోకు రసీదు ఏదని అకౌంట్స్ వారి ప్రశ్న. లాడ్ బజార్‌లో అతిథికి చిల్లర లేక నేనిచ్చిన రెండు వందలను 'వ్యక్తిగత కొనుగోలు' అని ఎర్ర సిరాతో కొట్టేసి ఫైలు తిప్పి పంపారు. చార్మినారా, దుర్గం చెరువా అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు, నాకు రెండూ ఓవర్‌టైమే.

రాయదుర్గం_వాసి
మీ ఇబ్బంది అర్థమైంది కానీ, అతిథులను చూసుకోవడం ఉద్యోగంలో భాగమే. నేను పదిహేను మంది ఉన్న విభాగాన్ని చూస్తాను. జూనియర్లకు విదేశీయులతో నాలుగు గంటలు గడిపే అవకాశం ఇలాగే వస్తుంది, దానితో వారి పరిచయాలు పెరుగుతాయి. దీన్ని శిక్షగా చూడటం దృక్పథంలోని లోపం.

ఓచర్ల_ఫైలు
అవకాశమైతే మీరే వెళ్ళవచ్చు కదా. ఆ శుక్రవారం సాయంత్రం మీరు ఎక్కడ ఉంటారు?

మూసీ_ఒడ్డు
ఈ ఒక్క విషయంలో నేను రాయదుర్గం వారితో ఏకీభవించక తప్పడం లేదు. ఇంటికి వచ్చినవాడిని ఒంటరిగా వదిలేయడం మన పద్ధతి కాదు. మా నాన్నగారి రోజుల్లో అతిథి బస్సు కదిలేదాకా స్టాండులో నిలబడేవారు. అతిథికి ఖర్చయిన రెండు వందలను లెక్కపెట్టడం ఆయన ఎరగరు.

సూట్‌కేసు_జీవి
మీ నాన్నగారు తన ఇంటి అతిథి కోసం తన సమయాన్ని, తన డబ్బును ఖర్చుపెట్టుకున్నారు, అది ఆతిథ్యం. కంపెనీ తన అతిథి కోసం వేరొకరి శనివారాన్ని ఖర్చు పెట్టడానికి ఆ పేరు పెట్టకండి. ఇంకొకటి కూడా చెప్పాలి. వెంట వచ్చిన అమ్మాయి గడియారం వంక దొంగచూపులు చూస్తుంటే అతిథికి తెలియదనుకోకండి. నాకు తెలుస్తుంది. అందుకే చూడవలసినది సగంలో వదిలి 'అలసిపోయాను' అని చెప్పి హోటల్‌కు వెళ్ళిపోతాను.

కోట_గోడ
గోల్కొండలో టికెట్ కౌంటరు పక్కనే గైడ్లు దొరుకుతారు. డబ్బులిచ్చి వారిని పెట్టుకుంటే ఎవరి శనివారమూ పోదు. గచ్చిబౌలి వారూ, ఇంతకీ మీ వైపు నుంచి వెంట వెళ్ళేదెవరు?

గచ్చిబౌలి_కొత్తవాడు
నేనే. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే కాబట్టి కాదనలేకపోయాను. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ముగ్గురు అతిథులూ ఒక 'హైదరాబాదీ నేపథ్యం' ముందు నిలబడిన ఫోటో సోమవారం కంపెనీ పేజీలో పెట్టాలని మా మేనేజరు కోరారు. ఆ నేపథ్యం చార్మినారా, తీగల వంతెనా అన్న దగ్గరే ఆఫీసులో రెండు పక్షాలయ్యాయి.

ఓచర్ల_ఫైలు
అయితే ఇది కాలక్షేపం కాదు, ఫోటో షూటింగు. ముందుగా ఆ ముగ్గురికీ ఒక మెయిల్ రాసి ఏం కావాలో అడగండి.

రాయదుర్గం_వాసి
అలా అడిగితే మన దగ్గర ఏర్పాట్లు ఏమీ లేవనుకుంటారు.

గచ్చిబౌలి_కొత్తవాడు
నిన్న రాత్రి మెయిల్ పంపాను, ఈ ఉదయానికి ముగ్గురి నుంచీ జవాబులు వచ్చాయి. జర్మనీవారిలో ఒకరు అర్ధరాత్రి ప్రయాణానికి ముందు నిద్రపోవాలనుకుంటున్నారు, హోటల్ గదిని రాత్రి తొమ్మిది దాకా ఉంచగలరా అని అడిగారు. రెండోవారికి కోట చూడాలని ఉంది కానీ, కొండ ఎక్కనన్నారు. కోయంబత్తూరు ఆయన శనివారం మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటున్నారు. భార్యకు ముత్యాలు కొనాలనీ, పత్తర్‌గట్టికి మెట్రోలో తానే వెళ్తాననీ, ఎవరినీ పంపవద్దనీ రాశారు. ముగ్గురూ ఒకే ఫోటోలో పడాలంటే హోటల్ లాబీ తప్ప దారి కనపడటం లేదు.

ఓచర్ల_ఫైలు
గదిని పొడిగించేందుకు అయ్యే ఖర్చుకు ఇవాళే మెయిల్‌లో ఆమోదం తీసుకోండి, నోటిమాట నమ్మకండి. కోటకు వెళ్ళే కారును రాత్రి మిమ్మల్ని ఇంటి దగ్గర దింపేదాకా బుక్ చేయండి. ఆ ఖర్చునూ అదే మెయిల్‌లో రాయండి.

కోట_గోడ
కొండ ఎక్కనివారు ఫతే దర్వాజా, కింది మహళ్ళు చూసి, సమాధుల తోట శుక్రవారం తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కొని, ఉంటే వెలుతురు ఉండగానే అక్కడికి వెళ్ళిపోవచ్చు.

మూసీ_ఒడ్డు
అంతా బాగానే ఉంది కానీ, ముత్యాల బేరం తెలియని మనిషిని పత్తర్‌గట్టికి ఒంటరిగా పంపుతున్నారు. శనివారం ఉదయం నేను ఖాళీ. ఆయన సరేనంటే తోడు వెళ్తాను, ఓచరు పెట్టను. చౌమహల్లా కూడా తెరిచే ఉంటుంది.

సూట్‌కేసు_జీవి
ఆయన కోయంబత్తూరులో యంత్రాలు అమ్మే మనిషి. బేరం ఆయనకు మనం నేర్పనక్కరలేదు. ఎవరినీ పంపవద్దని ఆయనే రాశారు కూడా.

మూసీ_ఒడ్డు
నన్ను ఎవరూ పంపడం లేదు. నేను అక్కడే ఉంటాను, అది మా వీధి.