ఒక్క ఆడ కోపిపాడ్ దొరికితే కొత్త జాతి అని రాసెయ్యొచ్చా?

వాల్తేరు కెరటం:
అందరికీ నమస్కారం. పరిశోధనలో నాకిది రెండో ఏడు. పోయిన వారం జెట్టీ స్తంభాలకు పట్టిన ఆసిడియన్లు తెచ్చి కోశాను. తాకితే నీళ్లు చిమ్మే తోలుతిత్తుల్లాంటి జీవులు. పదకొండోదాని మొప్పల బుట్టలో ఆవగింజంత కోపిపాడ్, అంటే రొయ్యల వర్గపు బుల్లి జీవి, కనిపించింది. ఆడది. వీపు సంచి నిండా గుడ్లు, నెమ్మదిగా కాళ్లు ఆడిస్తోంది. నోటోడెల్ఫిడే కుటుంబమని తేలింది కానీ నాలుగో కాలి ముళ్లు, శూకాల (సన్నటి వెంట్రుకల్లాంటివి) లెక్క నేను చూసిన ఏ వర్ణనకీ కుదరట్లేదు. ఉన్నది ఆ ఒక్కటే. మా గైడు గారు బొమ్మలు గీసి పేపరు రాసెయ్యమంటున్నారు. ల్యాబ్‌లో మిగతావాళ్లేమో డీఎన్ఏ లేకుండా ఎవరూ నమ్మరంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

జన్యురేఖ:
ఆగండి. ఆకారాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో సియోనాని చూసి తెలుసుకోవాలి. అదీ ఆసిడియనే. సియోనా ఇంటెస్టినాలిస్ అన్న పేరుతో ఎన్నో దేశాల ల్యాబుల్లో వాడారు, 2002లో జన్యుక్రమం కూడా ఆ పేరుతోనే వచ్చింది. తీరా జన్యువులు పోల్చి చూస్తే ఆ ఒక్క పేరు కింద వేర్వేరు జాతులున్నాయి. 2002లో చదివినదాన్ని ఇప్పుడు సియోనా రోబస్టా అంటున్నాం. వేలెడంత జీవి దగ్గరే కన్ను మోసపోతే ఆవగింజంతదాని సంగతేంటి? పైగా ఒక్కటే నమూనా. ఆ శూకం తేడా ఆ ఒక్క ప్రాణికి పుట్టుకతో వచ్చిన లోపం కాదని ఎలా చెప్తారు? తప్పు పేరు ఒకసారి అచ్చయితే తర్వాత వచ్చేవాళ్లందరూ దాన్ని మోయాలి.

పాత సూక్ష్మదర్శిని:
జన్యురేఖ గారూ, సియోనా కథ సగమే చెప్పారు. రోబస్టా అన్న పేరు డీఎన్ఏ చూసి పెట్టింది కాదు. 1967లో జపాన్‌లో హోషినో, టోకియోకా ఆకారం చూసి పెట్టారు. తర్వాతివాళ్లు పెద్ద తేడా లేదని దాన్ని ఇంటెస్టినాలిస్‌లో కలిపేశారు. 2015లో ఆ పేరును మళ్లీ నిలబెట్టినప్పుడు చూపిన ఆధారాల్లో నీటి గొట్టాల మీది చిన్న చిన్న బొడిపెలూ ఉన్నాయి. రెండు జాతులని జన్యువులు చెప్పాయి, కాదనను. కానీ అప్పటికే ఒక పేరు సిద్ధంగా ఉందంటే, ఎవరో ఓపిగ్గా చూసి రాసిపెట్టబట్టే.

2020లో కోపిపాడ్ల పరిశోధకులు ఇల్-హోయ్ కిమ్, జెఫ్ బాక్స్‌షాల్ పారిస్ మ్యూజియంలో నిలవున్న ఆసిడియన్లలోంచి మీ నోటోడెల్ఫిడే కుటుంబం ఒక్కదానికే వందకు పైగా కొత్త జాతుల్ని చేర్చారు. డీఎన్ఏ వచ్చేదాకా కూర్చుని ఉంటే అవన్నీ ఇంకా పేరులేకుండా సీసాల్లోనే ఉండేవి.

కెరటం గారూ, మీ కోపిపాడ్‌ని లాక్టిక్ ఆమ్లం చుక్కలో వేసి, రంధ్రమున్న చెక్క స్లైడు మీద కవర్‌స్లిప్పుకి వేలాడేలా పెట్టండమ్మా. 1964లో హ్యూమ్స్, గూడింగ్ చెప్పిన పద్ధతి. సూదితో దొర్లిస్తూ అన్ని వైపులా చూడొచ్చు, నలగదు. ముందు కుడి కాలూ ఎడమ కాలూ పోల్చండి. రెండూ ఒకటే అయి, నోటి భాగాల్లోనూ తేడా కనిపిస్తే ధైర్యంగా రాయండి. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఆ నమూనాను ప్రభుత్వం గుర్తించిన సంస్థకు అప్పగించాలి, మర్చిపోవద్దు. మీ రాతలో తప్పుందనుకున్నవాళ్లు అక్కడికెళ్లి ఆ ప్రాణినే చూసుకుంటారు.

జన్యురేఖ:
1967 సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. ఒక్క నమూనా అన్న అభ్యంతరం మాత్రం వదులుకోను. ఇంకొకటి, ఆమ్లంలో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. అలాగని మొత్తం ప్రాణిని నలిపి పంపకండి. నేనొకసారి అలా పంపితే తిరిగొచ్చిన సీక్వెన్స్ ఆసిడియన్‌ది. కోపిపాడ్ తిన్నది దాని పేగులోనే ఉండిపోయింది. ప్రాణీ పోయింది, ఫలితమూ రాలేదు. మీకు సంచిలో గుడ్లున్నాయిగా? నాలుగు తీసి ఆల్కహాల్‌లో పెట్టండి. వాటిలో తిన్న ఆసిడియన్ ముక్కలేవీ ఉండవు, ఒళ్లూ చెక్కుచెదరదు.

వాల్తేరు కెరటం:
గుడ్ల ఆలోచన నాకు తట్టనే లేదు, చాలా థాంక్స్. ఆరు తీసి ఆల్కహాల్‌లో పెట్టాకే ఒంటిని చుక్కలో వేశాను. నాలుగో కాళ్లు రెండూ చూశాను. లెక్క ఒకటే, కాకపోతే కుడిదాని చివరి ముల్లు విరిగింది. నా సూదికి విరిగిందో, అంతకుముందే విరిగి ఉందో చెప్పలేను. నోటి భాగాలు రేపు చూస్తాను. పేపరు ఇప్పుడే వద్దని గైడు గారికి చెప్పాను. అమావాస్య పాటుకి జెట్టీ కిందకి దిగి, అదే స్తంభం మీదివి ఇంకో ముప్పై కోస్తాను.