లైబ్రరీ వెర్షన్ నంబర్లో మధ్య అంకె మారినా పాత కోడు ఆగిపోతుందా?

బావిలెక్కలు:
మా సీనియర్ 2022లో రాసిచ్చిన పైథాన్ స్క్రిప్ట్ ఒకటి నా దగ్గరుంది. అనంతపురం వైపు 42 బోర్లలో నెలనెలా కొలిచిన నీటిమట్టాలు చదివి సగటు తీస్తుంది. ఏ లైబ్రరీ ఏ వెర్షన్ కావాలో చెప్పే రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో "నంపై<2" అని (లెక్కల లైబ్రరీ నంపై, 2 కంటే తక్కువ వెర్షన్ ఏదైనా సరే అని) రాసి, "ముందున్న 1 మారనంతకాలం ఏమీ కాదమ్మా" అన్నారు. నమ్మాను. మొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో నడిపితే 17వ లైన్లో ఆగిపోయింది. నంపైలో ఫ్లోట్ (దశాంశ సంఖ్యల రకం) అనే యాట్రిబ్యూట్ లేదట! పాత మెషీన్లో నంపై 1.23.5, ఇక్కడ 1.26.4. ముందు 1 అలాగే ఉంది కదా? సరే, 1.23.5 వేద్దామంటే అదీ ఇన్‌స్టాల్ కావట్లేదు. పైథాన్ 3.12. గురువారం మా గైడ్‌కి గ్రాఫ్‌లు చూపించాలి, చెయ్యి ఆడట్లేదు.

పాతకోడు:
మీ సీనియర్ చెప్పింది సెమాంటిక్ వెర్షనింగ్ పాటించేవాళ్ల లెక్క. మొదటి అంకె మారితేనే పాత కోడుకి దెబ్బ, మధ్యది కొత్త సౌకర్యాలకి, చివరిది బగ్ ఫిక్సులకి. నంపై వాళ్ల పద్ధతి వేరండి. ముందు హెచ్చరిస్తారు, కనీసం రెండు విడుదలలు ఆగి తీసేస్తారు, అదీ మధ్య అంకెలోనే. ఎన్‌పీ.ఫ్లోట్‌కి (ఎన్‌పీ అంటే కోడులో నంపైకి పొట్టిపేరు) 2021 జనవరిలో 1.20తో హెచ్చరిక మొదలైంది, 2022 డిసెంబరులో 1.24తో పోయింది. అంటే ఆ స్క్రిప్ట్ రాసిన రోజే స్క్రీన్ మీద వార్నింగ్ పడి ఉండాలి. వార్నింగులు నొక్కిపెట్టే లైను ఎక్కడైనా ఉందేమో చూడండి.

పైథాన్‌దీ ఇదే తీరు. 3.12లో ప్యాకేజీలు బిల్డ్ చేసే డిస్ట్‌యుటిల్స్ తీసేశారు, 1.23.5 బిల్డ్ అయ్యేది దాని మీదే. 3.12కి సరిపడే నంపై 1.26 నుంచే ఉంది. కాబట్టి వెనక్కి వెళ్లకండి, కోడే మార్చండి. ఎన్‌పీ.ఫ్లోట్ అనేది పైథాన్ సొంత ఫ్లోట్‌కి మారుపేరు మాత్రమే. ఉత్త ఫ్లోట్ అని రాస్తే లెక్క మారదు.

గోదారిగట్టు:
ఫైండ్-రీప్లేస్ మాత్రం గుడ్డిగా కొట్టకండి. ఎన్‌పీ.ఫ్లోట్64 ఉన్నచోట ఎన్‌పీ ఊడిపోయి ఒట్టి ఫ్లోట్64 మిగులుతుంది, అప్పుడు అలాంటి పేరు లేదని నేమ్ ఎర్రర్. పూర్తి పదం కలిస్తేనే మార్చమని టిక్ పెట్టండి. ఎన్‌పీ.బూల్ (నిజం/అబద్ధం రకం) కూడా వెతకండి. అది మరీ తిరకాసు. మొదట పైథాన్ బూల్‌కి మారుపేరు, 1.24లో తీసేశారు, 2024లో 2.0తో అదే పేరు తిరిగొచ్చింది, కానీ ఇప్పుడది నంపై సొంత బూల్. పేరు ఒకటే, వస్తువు వేరు.

బావిలెక్కలు:
ఉందండీ! నాలుగో లైన్లోనే వార్నింగులు ఆపేసి ఉన్నాయి. రెండేళ్లుగా ఆ లైను చూస్తూనే ఉన్నాను, ఎందుకుందో ఒక్కసారీ అడగలేదు. అది తీసేసి, 11 చోట్ల ఫ్లోట్, 2 చోట్ల బూల్ మార్చాను. పాత మెషీన్ ఫలితాలు పక్కన పెట్టుకుని చూస్తే 42 బోర్ల సగటులూ రెండు దశాంశాల దాకా కలిశాయి. పిప్ ఫ్రీజ్ (ఇన్‌స్టాల్ అయిన లైబ్రరీల వెర్షన్ల జాబితా) తీసి, పైథాన్ 3.12 అని కూడా రాసి స్క్రిప్ట్ పక్కనే పెట్టాను. మా జూనియర్‌కి అప్పగించేటప్పుడు రెండూ కలిపే ఇస్తాను.