అద్దె, అకౌంటెంట్ జీతం గ్రాంట్ బడ్జెట్‌లో ఏ పద్దు కింద చూపాలి?

మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. ఒకే ఆఫీసు నుంచి మూడు ప్రాజెక్టులు నడుస్తున్నాయి. ఇప్పుడు దరఖాస్తు చేస్తున్న గ్రాంటులో పరిపాలనా ఖర్చులకు 10 శాతమే పరిమితి. అద్దె, కరెంటు, అకౌంటెంట్ జీతం కలిపితే అది దాటిపోతోంది.

టైమ్‌షీట్ల (సిబ్బంది పని గంటల నమోదు) ప్రకారం, ఈ గ్రాంటు అడుగుతున్న ప్రాజెక్టు వాటా 40 శాతం. ఆ మేరకు నేరుగా ప్రాజెక్టు ఖర్చుల్లో వేసి, లెక్కను బడ్జెట్ వివరణలో రాశాం. ‘విభజన ఆధారం స్పష్టంగా లేదు’ అని గ్రాంటు ఇచ్చేవారు తిప్పి పంపారు. అద్దెను చదరపు అడుగుల లెక్కకు మార్చినా అదే మాట. అంతా పరిపాలనా పద్దులోకే నెడితే, పైబడిన మొత్తాన్ని మిగతా ప్రాజెక్టుల డబ్బుతో పూడ్చాలి. అవి వాటికే కేటాయించిన నిధులు, ఆడిట్‌లో అభ్యంతరం ఖాయం.

అద్దెకు చదరపు అడుగులు, జీతానికి పని గంటలు అని రెండు ఆధారాలూ ఒకే బడ్జెట్‌లో చూపి ఆమోదం పొందినవారు, దానికి ఏ పత్రాలు జతచేశారు?