దున్నపోతై పుట్టునా, బుట్టునా?

కోటజంక్షన్:
గురజాడ కన్యాశుల్కం నాటకంలో గిరీశం చదివే చుట్ట పద్యం ఉంది కదా: 'ఖగపతి యమృతము తేగా, భుగభుగమని పొంగి చుక్క భూమిని వ్రాలెన్, పొగచెట్టై జన్మించెను...' దాని ఆఖరి పాదం దగ్గర ఒక అక్షరం నన్ను పీకుతోంది. 'పొగత్రాగనివాడు దున్నపోతై బుట్టున్' అని కొందరు, 'పుట్టున్' అని కొందరు. మా నాన్నగారు పుట్టున్ అనేవారు. అర్థం అడగట్లేదు, పాఠం అడుగుతున్నాను.

ఎందుకంటే మా బావమరిది అమెరికాలో సిగార్లు కాలుస్తాడు. కాల్చి ఊరుకోడు, ప్రతిదానికీ నూటికి మార్కులేస్తాడు. సంక్రాంతికి విజయనగరం వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు చూశాను. పేజీ పైన ఆ సిగారుకి చుట్టి ఉండే రంగుకాగితం పట్టీ అతికించాడు. కింద గళ్ళు: రూపు, చుట్టిన తీరు, పొగ అందే తీరు, రుచి. ఒక పేజీలో ఇలా ఉంది: 'మొదటి మూడో వంతు మిరియం ఘాటు. నడిమి వంతులో కాఫీ వాసన. ఎడమ పక్క కాలడం వెనకబడింది, లైటరుతో సరిచేశాను, రెండు మార్కులు కోత. మొత్తం 88.' ఆ పుస్తకం మొదటి పేజీలో ఈ పద్యం రాసిపెట్టమని నా మీద పడ్డాడు. తప్పుగా రాస్తే మన ఊరి పరువు పోతుంది. తేల్చి చెప్పండి.

చీపురుపల్లి మాస్టారు:
నా దగ్గరున్న ప్రతిలో బుట్టున్ అనే ఉంది. అయితే మీ నాన్నగారి చెవి గట్టిది. పకారం బకారంగా మారే సరళాదేశం రావాలంటే ముందు మాట చివర ద్రుతం, అంటే నకారం, ఉండాలి. 'పోతై'లోని ఐ, అయికి కుదించిన రూపం, క్త్వార్థకం, అంటే ద్రుతం లేని కళ. 'వచ్చి పోయె' అంటాం గానీ 'వచ్చి బోయె' అనం కదా. వ్యాకరణం ప్రకారం పుట్టున్.

ఛందస్సు మాత్రం సాయం చెయ్యదు. కందం నాలుగో పాదంలో యతి పొ–పో దగ్గర కూర్చుంది, ఈ అక్షరం మీద కాదు. పు అన్నా బు అన్నా గగమే, రెండు గురువులే. అంచేత గణాలు లెక్కపెట్టి దీన్ని తేల్చలేం.

గంటస్తంభం:
మాస్టారూ, తప్పు అని వదిలేస్తే ఎలా? అది గురజాడ కావాలని పెట్టిన తప్పు. పద్యం ఎవరి నోట్లో ఉంది? గిరీశం నోట్లో. పురాణం పేరు చెప్పి వెంకటేశాన్ని చుట్టకి అలవాటు చేస్తున్నాడు. వచ్చీరాని పండితుడు చేసే మొదటి పని ఏమిటి? పద్యంలా వినపడాలని కనపడ్డ పకారాన్నల్లా బకారం చెయ్యడం. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రంలో గ్రాంథికవాదులతో తలపడ్డ మనిషి ఈ సరళాదేశం చూసుకోకుండా రాశాడంటే నేను నమ్మను.

నాగావళిగట్టు:
1914 పత్రాన్ని పట్టుకెళ్ళి 1909 కన్యాశుల్కానికి కళ్ళజోడు పెడుతున్నారు. గిరీశం తెలియనివాడైతే కందం ఇంత శుభ్రంగా ఎలా నడిచింది? ఆరో గణం నలమో జగణమో ఉండాలి, 'గిచుక్క' జగణం, లఘువు గురువు లఘువు. ఎనిమిదో గణం దగ్గర 'వ్రాలెన్', గగం. ప్రాస నాలుగు పాదాల్లోనూ గకారం, దాని ముందు నాలుగూ లఘువులే. ఇంత లెక్క తెలిసినవాడు ఒక్క బకారం దగ్గర వేళాకోళం చేశాడంటారా? అచ్చులో వేసినవాళ్ళకి చెయ్యి అలవాటు, అంతే. పద్యం అనగానే బకారం పడిపోతుంది.

గంటస్తంభం:
గణాలు గురజాడవి, బకారం గిరీశానిది. నాటకం రాసేవాడు చేసేది అదే.

వంశధార:
సిగార్ల సంగతి కొంచెం తెలుసు కాబట్టి అడుగుతున్నాను. ఆ నోటుబుక్కులో మార్కులు పట్టీ చూసి వేసినవా, పట్టీ తీసేసి వేసినవా? 1992లో న్యూయార్క్‌లో మొదలైన సిగార్ అఫిషనాడో పత్రిక నూరు మార్కుల పద్ధతికి పేరు తెచ్చింది. పద్ధతి ద్రాక్షసారా రుచి చూసేవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నది. అక్కడ పరీక్షించేవాళ్ళకి సిగారు ఇచ్చే ముందు పట్టీ తీసేసి, నంబరున్న తెల్ల కాగితం చుడతారు. ఏ దేశానిది, ఎంత ఖరీదు, తెలియకూడదు. 95 దాటితే మహా గొప్పది, 90 నుంచి 94 చాలా మంచిది, 80లు బాగున్నట్టు, 70 లోపు డబ్బు దండగ.

నేను చూసినంతలో అందరూ 88కీ 93కీ మధ్యే ఇరుక్కుంటారు. డెబ్బై ఇచ్చినవాణ్ణి నేను చూడలేదు. డబ్బెట్టి కొన్నది బాగోలేదని ఒప్పుకోవడం కష్టం కదా.

ఈ పద్యానికీ అదే పరీక్ష పెట్టండి. పురాణం అనే పట్టీ విప్పేసి వినండి. అప్పుడు కూడా నవ్వొస్తే మార్కులెయ్యండి.

కోటజంక్షన్:
పట్టీ చూసే వేస్తాడండీ, వేసి దాన్నే అతికిస్తాడు. అడిగితే 'నాకు నేను రాసుకునేదానికి పరీక్ష హాలు దేనికి బావా' అన్నాడు. బు సంగతి?

చీపురుపల్లి మాస్టారు:
ఒక మాట. 'చుక్క భూమిని వ్రాలెన్' అనగానే మీకు వెల్లుల్లి గుర్తు రావట్లేదా? రాహువు కంఠం తెగినప్పుడు జారిన అమృతబిందువులు నేల మీద పడి వెల్లుల్లి పుట్టిందని ఆయుర్వేదంలో వాగ్భటుడు చెప్పాడు. ఈ పద్యం ఆ కథ మూసలో పోసింది. రాహువు బదులు ఖగపతి, అంటే గరుత్మంతుడు, వెల్లుల్లి బదులు పొగచెట్టు. వైద్యగ్రంథం ధోరణి ఎక్కినవాడికి చుట్ట మందైపోయింది. గిరీశం తెలివి అక్కడుంది, బకారంలో లేదు.

ఇంతకీ పొగాకు ఏ పురాణంలోనూ ఉండే వీల్లేదు. అసద్ బేగ్ బీజాపూరు నుంచి తెచ్చి అక్బరుకి చూపించింది 1604 ప్రాంతంలో. జహంగీరు 1617లో వద్దని ఫర్మానా ఇచ్చాడు. అప్పకవి 1656లో లక్షణగ్రంథానికి కూర్చునేసరికి పొగాకు ఈ దేశంలో పాతబడింది. వ్యాసుడికి చుట్ట అంటగట్టడంలోనే హాస్యమంతా ఉంది.

నాగావళిగట్టు:
వెల్లుల్లి బాగుంది మాస్టారూ, దాన్ని ఒప్పుకుంటాను. కానీ అసలు గొడవ బు కాదు, త్రా. 'పొగత్రాగని' అన్నారు. త్రాకి ముందున్న గ గురువైతే పొగత్రా యగణం, ఒక లఘువూ రెండు గురువులూ, అవుతుంది, కందం గణాల్లో అది లేదు, పాదం కూలిపోతుంది. 'పొగతాగని' అని ఉండాలి. వాడుకభాష మనిషి కాబట్టి తాగని అనే రాసుంటాడు.

చీపురుపల్లి మాస్టారు:
గ గురువు కాదు బాబూ. పొగ తెలుగుమాట, త్రాగు తెలుగుమాట. సంస్కృత సమాసమైతే ముందక్షరం ఊది గురువు చెయ్యాలి, ఇక్కడ ఊదక్కర్లేదు. సగణం సగణంగానే ఉంటుంది. తాగని అన్నా, త్రాగని అన్నా పాదానికి ఏం కాదు.

గంటస్తంభం:
కూర్చుకొని 'తేటైన' మాటల అన్న కవి ఆయన. ముత్యాల సరాలనే కొత్త ఛందస్సుకి వెళ్ళినవాడు కందాన్ని మరచిపోలేదు, పక్కన పెట్టాడు. అందుకే కందం గిరీశానికి వదిలేశాడని నా లెక్క. నాటకంలో పాత ఛందస్సు ఎవరి నోట్లోకి వెళ్ళిందో చూడండి, అక్కడ నా బకారం మళ్ళీ నిలబడుతుంది.

నాగావళిగట్టు:
'నా బకారం' అంటున్నారు చూడండి!

కళింగపట్నం:
మీ బకారం అలా ఉంచండి. మాస్టారికీ వంశధార గారికీ ఒక ప్రశ్న. మా సముద్రం వార ఆడవాళ్ళు చుట్టని అడ్డపొగ పెట్టి కాలుస్తారు, నిప్పు నోట్లోపలికి. ఈదురుగాలికి ఆరదు, పనిలో చేతులు ఖాళీగా ఉంటాయి అంటారు. మా మామ్మ కాల్చగా చూశాను. పెదాల మధ్య చుట్ట చివర మాత్రం కనిపించేది, దాని చుట్టూ పెదాలు బిగించి ముక్కుతో ఊపిరి పీల్చుకునేది. బూడిద నోట్లోంచి కొంచెం కొంచెంగా ఉమ్మేది.

సిగారుకి మార్కులేసేవాళ్ళ గళ్ళన్నీ బయటి నుంచి చూసేవే. బూడిద ఎంత పొడుగు నిలిచింది, కాలే అంచు తిన్నగా ఉందా. మా మామ్మ చుట్టకి ఆ గళ్ళు ఎలా నింపుతారు? ఆమె మాత్రం మా తాత తెచ్చిన చుట్ట ఒక్క దమ్ముకే 'ఇది కారు, ఇది మంచిది' అని చెప్పేసేది. చీకట్లో కూడా.

దీని వల్ల అంగుడు పాడవుతుందని తెలుసు. 1971లో శ్రీకాకుళం జిల్లా ఊళ్ళలో 10,169 మంది అంగుళ్ళు పరీక్షించి డాక్టర్లు రాసిన పరిశోధన ఉంది. దాన్నెవరూ గొప్పగా చెప్పుకోవద్దు. నేనడిగేది రుచి చూడటం గురించే.

వంశధార:
మంచి ప్రశ్న. వాళ్ళూ బయటికి కనపడేదే కొలవరండీ. ముందు వెలిగించకుండానే ఒక దమ్ము పీల్చి చూస్తారు, ఎంత బిగుతుగా ఉందో తెలుస్తుంది. బిగుతైతే పీల్చిపీల్చి బుగ్గలు నొప్పెడతాయి, వదులైతే గాలి ఎక్కువ లాగి వేడెక్కి ఘాటు తప్ప రుచి మిగలదు. పై ఆకు, దాని కింద కట్టే ఆకు, లోపలి ఆకు, ఈ మూడూ ఒకే తీరున కాలాలి. తర్వాత నోట్లో పొగని కొంచెం ముక్కులోంచి వదులుతారు, ఎందుకంటే రుచి అనేదాంట్లో పెద్ద వాటా వాసనది. ముక్కుతో ఊపిరి పీల్చే మీ మామ్మకి ఆ లెక్క బాగా తెలిసే ఉంటుంది.

బూడిద గురించి ఒకటి. తెల్లగా ఉంటే గొప్పది అనేవాళ్ళున్నారు. అది ఆకు పెరిగిన మట్టిలో ఖనిజాల లెక్క, రుచి లెక్క కాదు. బూడిద రంగు చూసి పది మార్కులు పెంచేవాడి మాట నేను వినను.

కోటజంక్షన్:
'కారు' అంటే? కారం అనా?

కళింగపట్నం:
కారు అంటే మరీ ఘాటు, గొంతు పట్టేది. కారం కాదు.

గంటస్తంభం:
కారుకి గ్రంథాల్లో అర్థం వేరు, నలుపు. కారుమబ్బు, కారుచీకటి. మీ మామ్మ నల్లటాకు అని చెప్పి ఉండొచ్చు కదా? ముదురాకు నల్లగా ఉంటుంది, ఘాటూ ఎక్కువ.

కళింగపట్నం:
చీకట్లో అందని చెప్పాను కదండీ. రంగెలా చూస్తుంది?

నాగావళిగట్టు:
మీరు మరో బకారం తెచ్చిపెట్టారు, గంటస్తంభం గారూ.

చీపురుపల్లి మాస్టారు:
కారు ముచ్చట వేరే పెట్టండి, నేనూ వస్తాను. దానికి తమిళంతో కూడా లెక్క ఉంది. చుట్టకి వాళ్ళ చురుట్టు, ఇంగ్లీషువాళ్ళ చెరూట్, అన్నీ ఒకే పీచు. తిరుచిరాపల్లి చెరూట్లు సముద్రం దాటి పేరు తెచ్చుకున్నాయి. కోటజంక్షన్ గారూ, మీ బావమరిదికి పుట్టున్ అని రాయండి. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.

గంటస్తంభం:
బుట్టున్ అని రాయండి. అచ్చులో ఉన్నది ఎవరు మార్చారని అడిగితే నా పేరు చెప్పండి.

నాగావళిగట్టు:
ముందు రెండో పాదం తేల్చండి. 'భూమిని వ్రాలెన్'లో నికారాన్ని లఘువంటున్నారు, 'పొగత్రాగని'లో గకారాన్నీ లఘువంటున్నారు. రెండూ తెలుగుమాటలే కాబట్టి అంటున్నారు. సరే. కానీ భూమి సంస్కృతం మాస్టారూ. దాని పక్కన వ్రాలెన్ వచ్చి కూర్చుంటే ఏ లెక్క?

చీపురుపల్లి మాస్టారు:
సమాసం కాదుగా బాబూ, మధ్యలో విభక్తి ఉంది. రెండూ విడి మాటలు. భూమి మీద 'ని' చేరాక అది ఏ ఊరిదో ఎవరూ అడగరు.

నాగావళిగట్టు:
నేనడుగుతున్నాను.