ఘాట్ రోడ్డు గ్రూప్ రైడ్‌లో స్లోగా నడిపేవాడి స్పీడ్‌కే అందరూ వెళ్ళాలా, ఎవరి స్పీడ్ వాళ్ళదా?

బోడుప్పల్_బండి:
అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మే నెలలో మా కాలేజీ బ్యాచ్ ఆరు బళ్ళేసుకుని మారేడుమిల్లి వెళ్ళొచ్చాం. తెల్లవారకముందే పెద్ద అంబర్‌పేట దగ్గర కలుసుకుని సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా భద్రాచలం, కొత్తగూడెం వచ్చేసరికే ఎండకి జాకెట్లు విప్పేసి బ్యాగుల్లో పెట్టేసుకున్నారు సగం మంది (తిట్టకండి, నేనూ తిట్టాను వాళ్ళని). భద్రాచలంలో నైట్ హాల్ట్, పొద్దున్నే చింతూరు, అక్కణ్ణుంచి ఘాట్. రెండు హిమాలయన్లు, రెండు క్లాసిక్‌లు, ఒక డొమినార్, ఒక పల్సర్ 150. పల్సర్ మీద మావాడూ వాళ్ళావిడా. మావాడు సిటీలో రోజూ నడుపుతాడు కానీ ఘాట్ ఎప్పుడూ ఎక్కలేదు, బండి కూడా 2016 మోడల్, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ పట్టినా చక్రం లాక్ అవ్వకుండా చూసేది) లేదు.

ఘాట్ మొదలవ్వగానే హిమాలయన్లు, డొమినార్ మాయం. క్లాసిక్ మీద నేను కాసేపు పల్సర్‌కి ముందే ఉన్నాను, తర్వాత నాకూ అద్దంలో కనపడ్డం మానేశారు. లోపల సిగ్నల్ లేదు. పైన ఒక చోట అందరం ఆగి ముప్పావు గంట చూశాం, చివరికి ఇద్దరం వెనక్కి వెళ్తే రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చుని ఉన్నారు, మలుపులకి ఆవిడకి కళ్ళు తిరిగి వాంతులు. వాళ్ళకేమో మేం వదిలేసి పోయామని కోపం, డొమినార్ వాడికేమో పొద్దున చల్లటి టైమంతా వెయిటింగ్‌లో పోయిందని కోపం. బొంగు చికెన్ దగ్గర కూడా రెండు బెంచీలు అయిపోయాం. ఇప్పుడు గ్రూపులో సగం మంది "అందరికన్నా స్లోగా వెళ్ళేవాడి స్పీడే గ్రూప్ స్పీడ్" అంటారు, సగం మంది "ఎవరి స్పీడ్‌లో వాళ్ళు వెళ్ళి ముందే అనుకున్న చోట కలుద్దాం" అంటారు. నెక్స్ట్ అరకు అనుకుంటున్నాం, అది తేలితే గానీ ఎవడూ డేట్ చెప్పట్లేదు. మీరెలా చేస్తారు?

మల్కాజ్‌గిరి_మావ:
ఎవని స్పీడ్ వానిదే అన్నా. గంతే. 450 సీసీ బండి కొన్నోణ్ణి ఘాట్ల 25 మీద పొమ్మంటే సెకండ్ గేర్ల క్లచ్ పట్టుకొని చేయి గుంజుతది, మబ్బులనే లేసి మూడొందల కిలోమీటర్లు ఎండల వచ్చింది గిందుకేనా అనిపిస్తది. ఇంకోటి చెప్త ఇను, ముంగటోని టెయిల్ లైట్ చూస్కుంట నడిపితే నీ కన్ను రోడ్డు మీద ఉండదు, కన్ను ఎటు పోతే బండి అటు పోతది. వాడు మలుపుల తప్పు లైన్ల పోతే ఎన్కున్న నలుగురు గదే లైన్ల పోతరు. నాకు తెల్వంది కాదు, మస్తు సార్లు చూసిన.

పాత_బుల్లెట్:
తమ్ముడూ మల్కాజ్‌గిరి, నువ్వన్న టెయిల్ లైట్ మాట నిజమే, కానీ అసలు విషయం వదిలేశావు. స్లోగా వచ్చేవాణ్ణి వెనక వదిలేస్తే ఏమవుతుందో చూడు. మీరు ముందు పోయి ఆగుతారు, నీళ్ళు తాగుతారు, ఫోటోలు దిగుతారు, టీ తాగుతారు. వాడు చెమటలు కక్కుకుంటూ వచ్చి స్టాండ్ వేసేలోపు "వచ్చేశాడ్రా, పదండి పదండి" అని మీరు హెల్మెట్లు పెట్టుకుంటారు. అంటే బాగా నడిపే వాళ్ళకి ప్రతి గంటకీ రెస్టు, రానివాడికి రోజంతా రెస్టు లేదు. మధ్యాహ్నానికి గ్రూపు మొత్తంలో బాగా అలిసిపోయినవాడు ఎవడు, అసలే నడపడం సరిగ్గా రానివాడు. పైగా వెనకబడ్డానని ఆత్రంలో వాడు తన చేతిలో లేని స్పీడ్‌లో మలుపులు తిప్పుతాడు. గ్రూప్ రైడ్లలో కింద పడేది ఎక్కువ ఈ వెనక నుంచి తరుముకుంటూ వచ్చేవాడే.

నేను వాణ్ణి రెండో ప్లేసులో పెడతాను. లీడ్ చేసేవాడు అద్దంలో వాణ్ణి చూసుకుంటూ నడపాలి, మలుపు ఎక్కడ తిప్పాలో, గేర్ ఎక్కడ దించాలో వాడికి చూపిస్తూ. స్ట్రెయిట్ రోడ్డు మీద ఎవరి ఇష్టం వాళ్ళది, ఘాట్‌లో మాత్రం ఇదే.

మల్కాజ్‌గిరి_మావ:
రెస్టు మాట కరెక్టే, ఒప్పుకుంట. అయితే గా రెస్టు ప్రాబ్లమ్‌కి మందు వేరే ఉంది, ఆఖరోడు వచ్చినంక పది నిమిషాలు ఎవ్వడు బండి తియ్యొద్దని రూల్ పెట్టుకోండ్రి, అయిపాయె. మీరు జెప్పినట్టు రెండో ప్లేస్ల పెడితే ఆనికి అద్దంల నాలుగు హెడ్‌లైట్లు కనిపిస్తయ్, గుండె దడ దడ లాడుతది, "నా వల్ల లేట్ అయితుంది" అని ఇంక జోరు తీస్తడు. ఎన్కబడ్డోనికి కనీసం ఎవడు చూస్తలేడు అన్న నిమ్మళం ఉంటది.

కాఫీ_కొండాపూర్:
నలభై నాలుగు డిగ్రీల్లో బైక్ మీద ఎందుకు వెళ్తారో నాకు అర్థం కాదు, ఆరుగురు ఒక ఇన్నోవా మాట్లాడుకుంటే ఏసీలో పాటలు వింటూ వెళ్ళొచ్చు, ఈ గొడవే ఉండదు.

బోడుప్పల్_బండి:
కొండాపూర్ గారూ ఏడుగురం. మిగతా ఆన్సర్ మీకు అక్కర్లేదు లెండి.

గోదారి_గట్టు:
మాది రంపచోడవరం వైపండి, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాను, ఆ రోడ్డు చిన్నప్పట్నుంచీ తెలుసు కాబట్టి ఒక మాట. మీరందరూ బైకుల గురించే మాట్లాడుతున్నారు, ఆ రోడ్డు మీద బస్సులూ లారీలూ కూడా తిరుగుతాయండి. ఆరు బళ్ళు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వెళ్తే వెనకొచ్చే బస్సు వాడికి దాటడానికి సందు దొరకదు, ఒకటో రెండో దాటి మధ్యలో దూరదామన్నా జాగా ఉండదు, ఎదురుగా లారీ వస్తే అందరూ ఒకేసారి గాభరా పడిపోవాలి. కాబట్టి కలిసి వెళ్ళండి కానీ మధ్యలో ఖాళీ వదలండి. హైవే మీద ఒకడు ఎడమ ఒకడు కుడిగా వెళ్ళినా పర్లేదు, మలుపుల్లో ఒకే వరసలో, ముందు బండికీ మీకూ కనీసం రెండు సెకన్ల దూరం, ఘాట్‌లో ఇంకా ఎక్కువున్నా తప్పు లేదు.

ఇంకోటండి, సన్న రోడ్డు మీద ఎదురెదురు పడితే ఎక్కేవాడికి దిగేవాడు దారివ్వాలి, ఇది మోటార్ వెహికల్ రూల్సులోనే ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చే బళ్ళ వాళ్ళలో చాలామందికి ఇది తెలీదు, దిగుడులో ఊపు మీద వచ్చేసి ఎక్కే లారీ ముందు హారన్ కొడతారు. లారీ ఎక్కుడులో ఆగితే మళ్ళీ కదలడానికి ఎంత అవస్థో. మే చివర్లో సాయంత్రం జల్లు పడితే ఆ మొదటి చినుకుల్లో రోడ్డు మీద దుమ్మూ ఆయిలూ కలిసి జారుడు, ఎండాకాలం కదా వాన ఎక్కడిది అనుకోకండి.

బ్రేక్_లైనర్:
ఇద్దరూ ప్లేసు గురించే కొట్టుకుంటున్నారు, ముందు ఎంత స్పీడ్ సేఫో చూడండి. ఘాట్‌లో రూల్ ఒక్కటే, కళ్ళకి కనిపించినంత దూరంలో ఆగగలగాలి. 60 మీద బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, బ్రేక్ పట్టాలని బుర్రకి తట్టేలోపే ఆ సెకను అయిపోతుంది, మంచి పొడి రోడ్డు మీద కూడా మొత్తం ఆగడానికి దగ్గర దగ్గర 40 మీటర్లు కావాలి. 40 మీద అయితే అందులో సగం. హెయిర్‌పిన్ మలుపులో, అంటే పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులో, ముందు కనిపించేదే 15, 20 మీటర్లు. అంటే అక్కడ హిమాలయన్ అయినా పల్సర్ అయినా స్పీడ్ ఒకటే ఉండాలి. మీ డొమినార్ అంత ముందుకి పోయాడంటే బండి గొప్పతనం కాదు, కనపడని రోడ్డుని నమ్మి నడిపాడు.

ఏబీఎస్ మాటకొస్తే, 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి కంపల్సరీ, మీవాడి బండి దానికి ముందుది. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం లాక్ అయిపోతుంది, అందులోనూ వెనక మనిషి, లగేజీ. కాబట్టి ఆ బండి గ్రూపులో స్లోగా ఉండడం తప్పు కాదు, అది వెళ్ళాల్సిన స్పీడ్‌లోనే అది వెళ్ళింది.

మల్కాజ్‌గిరి_మావ:
లైనర్ భయ్యా లెక్క మంచిగుంది, కానీ ఘాట్ అంటే అన్నీ హెయిర్‌పిన్‌లే ఉండయి గదా. దూరం దాక కనిపించే పెద్ద మలుపులు కూడ ఉంటయ్, ఆడ 50 మీద పోయేటోడు పోతడు, రానోడు 30 మీద పోతడు. గీ తేడాకే గంటల పది కిలోమీటర్లకు పైన గ్యాప్ వస్తది. తప్పు నడిపినట్టేం కాదు.

వెనక_సీటు:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ నడిపేవాళ్ళ గురించే, వెనక కూర్చున్న ఆవిడ గురించి ఒక్కరూ అనలేదు. నేను మావారి వెనక ఇలాంటి రైడ్లకి చాలా వెళ్ళాను కాబట్టి చెప్తున్నా. నడిపేవాళ్ళకి మలుపు ముందే కనిపిస్తుంది, హ్యాండిల్ చేతిలో ఉంటుంది, ఒళ్ళు దానికి తగ్గట్టు వంగుతుంది. వెనకాల మాకు కనిపించేది హెల్మెట్టే. బ్రేక్ ఎప్పుడు పడుతుందో తెలీదు, ప్రతిసారీ నడుం బిగపట్టుకుని కూర్చోవాలి. కళ్ళు తిరగడం ఊరికే రాదు, చూపు ముందు రోడ్డు మీద లేకపోతే ఎక్కువగా వస్తుంది. అందుకే మలుపు ఎడమకైతే ఎడమ భుజం మీదుగా, కుడికైతే కుడి భుజం మీదుగా ముందుకి చూడమని ఎవరైనా ఆవిడకి చెప్పారా? పొద్దున టిఫిన్‌లో ఏం తినిపించారు? పూరీలైతే ఇంక చెప్పక్కర్లేదు.

ఇద్దరు కూర్చున్న బండికి స్పీడ్ పెట్టాల్సింది వెనక కూర్చున్న మనిషి. ఆవిడ ఆపమంటే ఆపాలి. గ్రూపు మొత్తం కళ్ళ ముందు ఉంటే "మనవల్ల అందరూ ఆగుతారు" అని ఆపమని చెప్పలేం, ఓర్చుకుంటాం, అది ఇంకా ప్రమాదం. అందుకని నా ఓటు ఎవరి స్పీడ్ వాళ్ళదే, కానీ ఒక బండి తోడుండాలి. వెనకాల ఎవరూ లేకుండా అడవిలో చెట్టు కింద ముప్పావు గంట కూర్చోవడం అంటే ఏంటో ఆ డొమినార్ అబ్బాయికి తెలీదు.

బోడుప్పల్_బండి:
మేడమ్, పూరీలే 🙏

తోడు బండి సంగతి బాగుంది. కానీ ఆఖర్న ఉండడానికి ఎవడూ ఒప్పుకోడు, అదే మా గ్రూపులో సమస్య. ఇంకో డౌట్, సిగ్నల్ లేని చోట దారి చీలితే ఎలా? మా డొమినార్ వాడు ఆ పొద్దున ఘాట్‌కి ముందే ఫాస్ట్‌గా పోయి చింతూరులో ఛత్తీస్‌గఢ్ వైపు కుంట రోడ్డు ఎక్కేసి వెనక్కొచ్చాడు.

పాత_బుల్లెట్:
దానికి పాత పద్ధతి ఒకటుంది. లీడ్, ఆఖరివాడు, ఈ ఇద్దరూ మారరు. దారి చీలిన ప్రతి చోటా లీడ్ వెనక ఉన్న రెండోవాడు అక్కడే పక్కకి ఆగిపోతాడు, మిగతా వాళ్ళకి దారి చూపిస్తాడు, ఆఖరివాడు కనపడగానే వాడి ముందు లైన్‌లో చేరిపోతాడు. తర్వాత చీలిక దగ్గర అప్పుడు రెండో ప్లేసులో ఉన్నవాడు ఆగుతాడు. ఫోన్లు అక్కర్లేదు, ఎవడూ తప్పిపోడు, అందరూ ఎవరి స్పీడ్‌లో వాళ్ళు రావచ్చు. ఆఖరివాడికి మాత్రం టూల్స్, పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ అన్నీ ఇచ్చి, గ్రూపులో అందరికన్నా బాగా నడిపేవాణ్ణే అక్కడ పెట్టాలి. మీరు బాగా నడిపేవాణ్ణి ముందుకి తోలేస్తారు, అక్కడొచ్చింది తంటా.

మల్కాజ్‌గిరి_మావ:
గిది మంచిగుంది. అన్నా నువ్వు మొదట్ల చెప్పింది స్లో ఉన్నోణ్ణి రెండో ప్లేస్ల పెట్టాలని, ఇప్పుడు చెప్పేది ఎవని స్పీడ్ వానిది అని. నా మాటకే వచ్చినవ్.

పాత_బుల్లెట్:
రాలేదు. ఇది దారి తెలిసిన, కాస్త అలవాటున్న గ్రూపుకి. మొదటిసారి ఘాట్ ఎక్కేవాడు ఉంటే రెండో ప్లేసే, దారి చీలిన చోట ఆగే డ్యూటీ వాడి వెనక వాడికి ఇవ్వాలి. అద్దంలో హెడ్‌లైట్ల భయం ఉందన్నావు కదా, వెనకున్న వాడు గ్యాప్ ఇస్తే ఆ భయం ఉండదు. గ్యాప్ ఇచ్చే ఓపిక లేనివాడు గ్రూపులో రావద్దు, సోలో పోవాలి, అందులో తప్పేం లేదు.

మల్కాజ్‌గిరి_మావ:
నేనింకా ఒప్పుకోలే. అయినా బోడుప్పల్ అన్నా, అరకు దాక ఎందుకు, ముందు శ్రీశైలం పెట్టుకో. మన్ననూర్ ఫారెస్ట్ చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాక బంద్ ఉంటది, 6కి గేట్ తీస్తరు, గప్పుడు లోపల పోతే చల్లగ ఉంటది, ఈగలపెంట దాటినంక పాతాళగంగ దిక్కు దిగుడు, మళ్ళ ఎక్కుడు, నేర్చుకోనీకి సరిపోతది. ఆఖర్ల ఎవడు ఉండనంటే నేనొస్త. కానీ మీవాని అద్దంల నేను కనపడ, గంత దూరంల ఉంట.

వెనక_సీటు:
వాళ్ళావిడ వస్తానన్నారా? అడిగారా?

బోడుప్పల్_బండి:
అడిగాను మేడమ్. వస్తుందట, కానీ వెనక కూర్చోదట, తన స్కూటర్ మీద తనే వస్తానంటోంది. ఇప్పుడు ఇంట్లో దాని మీద గొడవ నడుస్తోంది.

బ్రేక్_లైనర్:
రానివ్వండి. కాకపోతే స్కూటర్‌కి గేర్ దించి ఇంజిన్‌తో బండిని పట్టుకోవడం కుదరదు, దిగుడులో భారమంతా బ్రేకుల మీదే. నొక్కి పట్టుకుని దిగితే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. మలుపుకి ముందే గట్టిగా పట్టి స్పీడ్ తగ్గించి వదిలేయమనండి, మధ్యలో రెండు చోట్ల ఆపి చల్లారనివ్వమనండి. బయల్దేరే ముందు బ్రేక్ లైనర్లు మార్పించండి, అది మాత్రం ఇంట్లో గొడవ పడకుండా మీరే చేయించండి.