ముసలితనం మీద జోకులు: ధైర్యమా, తప్పించుకోవడమా?

జయనగర్ అబ్బాయి:
మా నాన్నగారికి 71. రిటైరయ్యాక విజయవాడ నుంచి ఇక్కడికి, బెంగళూరుకి వచ్చేశారు. ఒంట్లో ఏది అరిగినా ఆయనకి జోకే. రాత్రి పళ్ళసెట్టు గ్లాసులో వేసి "వీళ్ళకి నైట్ డ్యూటీ లేదు" అంటారు. ఇంటిల్లిపాదీ నవ్వుతాం. మొన్న చెవి డాక్టర్‌కి చూపిద్దామంటే, "మీ అమ్మ మాటలు వినపడకపోవడం రోగమేంట్రా, వరం" అన్నారు. అమ్మ నవ్వలేదు. మా ఆవిడేమో, ఈ వయసులో ఆ సరదా కూడా లాక్కుంటారా, వదిలెయ్యండి అంటోంది. నాకు మాత్రం ఇది తప్పించుకోవడంలా ఉంది. మీరేమంటారు?

లాల్‌బాగ్ బ్యాచ్:
మీ ఆవిడ మాటే నా మాట. మా నడక బ్యాచ్‌లో అందరం అరవై దాటినవాళ్ళమే. లాల్‌బాగ్ తోటలోని బండరాయి ఎక్కి కూర్చుంటాం. ఆ రాయి వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళట. "దీని పక్కన మనకింకా బారసాల కూడా కాలేదు" అని రోజూ ఎవరో ఒకరు అంటారు, రోజూ నవ్వుతాం. ఇది ఊరికే కాలక్షేపం కాదండోయ్. అమెరికాలోని ఒహాయోలో యాభై దాటిన 660 మంది వివరాలు పరిశీలించి, బెకా లెవీ అనే పరిశోధకురాలి బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ముసలితనాన్ని మంచిగా చూసినవాళ్ళు ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారని తేలింది. డాక్టర్ల చుట్టూ తిరిగితే ఏడున్నరేళ్ళు వస్తాయా?

చెవి మిషన్:
వినికిడి పరీక్షలు చెయ్యడం నా ఉద్యోగం. ఆ అధ్యయనం ముసలితనాన్ని ఎలా చూస్తామన్న దాని గురించి, జోకుల గురించి కాదు. పైగా అలా చూడటం వల్లే ఎక్కువ బతికారని దాంతో రుజువైపోదు.

అసలు సంగతికి వస్తాను. వయసుతో వచ్చే చెవుడులో ముందు సన్నటి శబ్దాలు పోతాయి. అచ్చులు బాగానే వినపడతాయి, స, ష, ఫ లాంటివి జారిపోతాయి. అందుకే "నాకు బాగానే వినపడుతోంది, నువ్వే గొణుగుతున్నావు" అని గొడవ. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు అందుకోవడం ఇంకా కష్టం. మీ అమ్మగారి మాట అందకపోవడం వరమూ కాదు, నటనా కాదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్, డిమెన్షియాకి (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బుకి) సంబంధించి మనం తగ్గించుకోగలిగిన 14 ముప్పుల్లో వినికిడి లోపాన్ని కూడా చేర్చింది. ఒక్కోసారి చెవిలో గులిమి అడ్డుపడి ఉంటుంది, అది తీసేస్తే చాలు. చూపించకుండా ఎలా తెలుస్తుంది? చత్వారానికి జోడు పెట్టుకుంటే ఎవరూ నవ్వరు. చెవికి మిషన్ అనగానే మాత్రం అందరికీ శంఖం సామెత గుర్తొస్తుంది.

లాల్‌బాగ్ బ్యాచ్:
అన్నిటికీ పరీక్షలేనా మేడమ్? మొన్న బీఎంటీసీ బస్సులో కండక్టర్ "అజ్జా, ఇల్లి కూత్కొళ్ళి" అని సీటు చూపించాడు. ఏ తాతని పిలుస్తున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను. వెనకాల ఎవరూ లేరు. దీనికి ఏ టెస్టు రాస్తారు? నవ్వుకోవడం తప్ప మందేముంది?

కోడలు పిల్ల:
ఎవరి మీద వాళ్ళు జోకు వేసుకుంటే సరదానే. సోఫాలోంచి లేవలేకపోతున్న మా మామయ్యగారిని చూసి మావాడు "తాతా, లోడింగా?" అన్నాడు. ఆ సోఫా జోకు మొదలెట్టింది మామయ్యగారే. అయినా ఆ సాయంత్రం టీ తన గదిలోకే పంపించమన్నారు.

మల్లేశ్వరం పిన్ని:
ఇక్కడంతా మగవాళ్ళ జోకులే నడుస్తున్నాయి. మాదీ వినండి. మా పార్కులో నవ్వుల క్లబ్బుంది. 1995లో ముంబైలో మదన్ కటారియా అనే డాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి. చేతులు పైకెత్తి "హ హ హ" అని గట్టిగా నవ్వాలి. కాన్పులై, నెలసరి కూడా ఆగిపోయిన నాలాంటిదానికి గట్టిగా నవ్వితే ఏమవుతుందో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. వెనక వరసలో కాళ్ళు దగ్గరగా పెనవేసుకుని, పెదాలతో మాత్రం నవ్వేదాన్ని. ఓ రోజు చూస్తే పక్కావిడ కూడా అచ్చం అలాగే నిలబడి ఉంది! ఇద్దరం ఒకరి కాళ్ళు ఒకరం చూసుకుని పడీపడీ నవ్వాం, జరగాల్సింది జరిగింది కూడా. "చుక్కల క్లబ్" అని పేరు పెట్టుకున్నాం. ఇంకో ఇద్దరు చేరారు. అందరం కలిసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. విడిగా అయితే సిగ్గుతో ఒక్కరం కూడా గడప దాటేవాళ్ళం కాదు. ఆవిడ మూత్రం ఆపుకునే కండరాలకి బలమిచ్చే కెగెల్ వ్యాయామం నేర్పింది, ఇప్పుడు నయం.

అందుకని బాబూ, జోకుని తిట్టకు. మీ నాన్నగారి జోకు మాటని అక్కడే ఆపేసింది, మాది మా నోరు విప్పించింది. తేడా అంతే.

లాల్‌బాగ్ బ్యాచ్:
పిన్నిగారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. మగవాళ్ళం రాత్రి నాలుగుసార్లు లేస్తున్నా ఈ విషయం బండ మీద ఎత్తం.

జయనగర్ అబ్బాయి:
నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు. కానీ ఇదంతా అమ్మ చదివింది, పిన్నిగారి పోస్టు దగ్గర చాలాసేపు ఆగింది. ఆ వ్యాయామం ఎలా చెయ్యాలో అడగమంది.

మల్లేశ్వరం పిన్ని:
మూత్రం ఆపుకునేటప్పుడు బిగించినట్టు లోపలి కండరాలు బిగించి, ఐదు సెకన్లు ఉంచి వదలాలి. ఒక విడతకి పదిసార్లు, రోజుకి మూడు విడతలు. ఊపిరి బిగబట్టకూడదు. మూత్రానికి వెళ్ళినప్పుడు మాత్రం చెయ్యొద్దు. గుణం కనిపించడానికి నెలలు పడుతుంది. మంట గానీ రక్తం గానీ ఉంటే ఇది కాదు, ముందు డాక్టరమ్మకి చూపించమను. ఒక్కతే వెళ్ళడానికి మొహమాటపడితే నేను తోడొస్తానని చెప్పు.