గృహహింస కథని రొమాన్స్ నవలగా అమ్మొచ్చా?

నీలాంబరి:
కొలీన్ హూవర్ రాసిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్' (2016) చదివారా? చదవనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను, కథ తెలిసిపోతుంది మరి. బోస్టన్‌లో పూలషాపు పెట్టుకున్న లిలీ, రైల్ అనే న్యూరోసర్జన్‌ని ప్రేమిస్తుంది. అతను ఆమెని కొడతాడు. ఆమె తల్లీ భర్త చేత దెబ్బలు తిన్న మనిషే. దీన్ని పూల అట్టేసి ప్రేమకథల మధ్య పెట్టి అమ్మడం నాకు నచ్చలేదు. 2023లో దీనిమీద కలరింగ్ బుక్ వేస్తామని కూడా ప్రకటించారు! జనం దుమ్మెత్తిపోశాక మానుకున్నారు.

రెండో_ఆట:
కలరింగ్ బుక్ సంగతి ఒప్పుకుంటా, సిగ్గుచేటు. కానీ ఈ నవల పనిచేసేదే రొమాన్స్ కాబట్టండీ. రైల్ ఓవెన్లోంచి వేడి గిన్నె వట్టిచేత్తో తీసి చెయ్యి కాల్చుకుంటాడు చూడండి. లిలీ నవ్వుతుంది. ఒక్క విసురు, ఆమె కిందపడుతుంది. ఆ మరుక్షణమే బతిమాలడం మొదలు. అప్పుడు నేనేం చేశానంటే, "తాగున్నాడు, పైగా చెయ్యి కాలింది కదా పాపం" అని అతని తరఫున సాకులు వెతికాను. అప్పటిదాకా అతన్ని ఇష్టపడేలా రాయబట్టే కదా! అట్టమీదే 'గృహహింస' అని ఉంటే మొదటి పేజీ నుంచే అసహ్యించుకునేదాన్ని. "ఇంకా ఎందుకు పడుంది?" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోయేదాన్ని.

హాస్టల్_పిల్ల:
అక్కా, మా రూములో "రైల్ నా క్రష్" అని స్టేటస్ పెట్టినవాళ్లున్నారు. వాళ్లకేం అర్థమైనట్టు?

చెట్టుకింద_ప్లీడరు:
నా పేచీ అట్టతో కాదు, లిలీ రైల్‌ని వదిలేసే ముగింపుతో. లిలీకి సొంత షాపుంది. "వాడి దగ్గరికి మళ్లీ వెళ్తే నీతో మాట్లాడను" అనే స్నేహితురాలుంది, అదీ స్వయానా అతని చెల్లెలు. చిన్ననాటి ప్రేమికుడు అట్లాస్ ఎలాగూ ఉన్నాడు. ఇన్ని ఉన్నవాళ్లు మన దగ్గర ఎందరమ్మా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నూటికి 84 మంది దాకా తేలారు. ఇల్లు వదిలి పోవాల్సింది తామేనని మన ఆడవాళ్లు చాలామంది అనుకుంటారు. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కుంది, అతన్నే బయటికి పంపమని మేజిస్ట్రేటుని అడగొచ్చు. విడాకులకి వెయ్యక్కర్లేదు కూడా. కనీసం మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యొచ్చని తెలిసినా మేలే. నవల్లో లిలీ పోలీసుల జోలికే పోదు.

రెండో_ఆట:
ప్లీడరుగారూ, నవల్ని పట్టుకుని సెక్షన్లు చెప్పమంటే ఎలా? నాకు అందులో తల్లి మాటలే ముఖ్యం. ఒక్కో దెబ్బకీ నీ ఓర్పు హద్దు ఇంకాస్త జరుగుతుంది, నాలా చెయ్యకు అంటుంది కూతురితో. మన ఇళ్లల్లో "సర్దుకుపోవే, పిల్లల మొహం చూసైనా" అనే అమ్మలే ఎక్కువ. మీరు చెప్పిన 84లో వాళ్లూ ఉన్నారు.

నీలాంబరి:
ఆ తల్లి సీను నాకూ నచ్చింది. అయినా నామాట నాదే. ఇదంతా తన అమ్మానాన్నల కథలోంచి వచ్చిందని రచయిత్రి చివరి పేజీల్లో రాసుకుంది. అదేదో మొదట్లోనే రెండు వాక్యాల్లో చెబితే, ఇంట్లో ఇలాంటివి చూస్తూ పెరిగిన పిల్ల దీన్ని ఎప్పుడు చదవాలో, అసలు చదవాలో వద్దో తనే తేల్చుకునేది.

హాస్టల్_పిల్ల:
అలా రాస్తే మా రూములో ఇంకా ముందు కొంటారక్కా.